నడుమ నిలిచినవాడు

ఉదయగిరి కొండదుర్గమును గూర్చి వ్రాయువారు లాంగూల గజపతిని, 1514వ సంవత్సరమున దానిని గైకొన్న శ్రీకృష్ణదేవరాయలను తలపక మానరు. మాకు నేడు కావలసినది ఆ కోట కాదు. ఆ కొండ క్రింది మెట్టపొలమున గట్టుతగవు వచ్చి, కాగితములు మూటగట్టుకొని, ఆత్మకూరు మీదుగా నెల్లూరికి నడిచిపోయిన కాపు మాకు కావలెను. అట్టివారి పేర్లు చరిత్రలో లేవు. ఉదయగిరినుండి నెల్లూరికి ఇంచుమించు అఱువది మైళ్లు. నూటయెనుబది, రెండువందల యేండ్ల క్రిందట అది కొన్ని మజిలీల ప్రయాణము. అంత దూరము నడిచి కచేరీ వాకిట నిలిచినవానికి అసలు దూరము అప్పుడు మొదలయ్యెడిది. పీఠముమీది దొర ఇంగ్లీషువాడు, ఫిర్యాది తెలుగువాడు, ఒకని మాట ఇంకొకనికి చేరవలెనన్న నడుమ మూడవవాడొకడు నిలువవలెను.

చెన్నపట్టణపు ప్రభుత్వము 1802వ సంవత్సరపు నిబంధనలతో జిల్లా అదాలతులను, వానిపై చెన్నపట్టణమున సదర్ అదాలతును ఏర్పఱచినది. 1816లో మన్రో దొర పూనికవలన గ్రామ మునసబులకు పదిరూపాయల వఱకును, జిల్లా మునసబులకు రెండువందల రూపాయల వఱకును దావాలు తీర్చు అధికారము వచ్చెను. వీరు ఈ దేశపువారు గనుక చిన్న తగవులు మన భాషలోనే తెమిలెడివి. పెద్దవి జిల్లా జడ్జీకడకును, అప్పీలైనచో సదర్ అదాలతుకును పోయెడివి. సదర్ కోర్టున రైతు ముఖము కనబడదు, గొంతు వినబడదు. దస్త్రము మాత్రమే మాటాడును. ఆ దస్త్రము దొరలయెదుట ఏమి మాటాడునో తర్జుమాదారు చేతిలోనున్నది.

1815 మొదలు 1829 వఱకు ఆ సదర్ కోర్టున తర్జుమాదారుగాను ద్విభాషిగాను పనిచేసినవాడు వెన్నెలకంటి సుబ్బారావు. ఈయన 1784లో జన్మించెను, స్వస్థలము ఒంగోలు. తెలుగు, తమిళము, కన్నడము, మహారాష్ట్రము, హిందూస్తానీ, పారసీకము, ఇంగ్లీషు ఈయనకు వచ్చును. న్యాయపీఠమున నొక తెలుగువాడు కూర్చుండు కాలమింకను రాలేదు. చెన్నపట్టణపు హైకోర్టు 1862లో గాని పుట్టలేదు. ఆనాడు అంతటి నేర్పరి ఎక్కగలిగిన మెట్టు పీఠము ప్రక్కదే గాని పీఠము కాదు.

ద్విభాషి యనగానే మన పెద్దలకు మంచి తలంపు కలిగెడిది కాదు. దుబాసీల సంపదలను గూర్చియు, లంచములను గూర్చియు చెన్నపట్టణమున కథలకు కొదువలేదు. నడుమ నిలిచినవాడు ఇరువైపులవారిని మోసపుచ్చగలడు. వానిని పట్టుకొనగలవాడు రెండు భాషలు తెలిసిన మఱియొక ద్విభాషి మాత్రమే. కావున ఆ పదవిలో నెగ్గవలసినది పాండిత్యముకన్న ముందుగా మనస్సాక్షి. సుబ్బారావు మనస్సాక్షి యెట్టిదో తెలుపుటకు మేము కోర్టు దస్త్రములను గాక మఱియొకదానిని చూపెదము. 1820లో చెన్నపట్టణమున పాఠ్యపుస్తకముల సంఘ మొకటి ఏర్పడెను. అందు సభ్యుడై సుబ్బారావు మన వీధిబడుల చదువునుగూర్చి ఒక నివేదిక వ్రాసెను. పిల్లలు కావ్యములను, నిఘంటువులను ఏండ్లకొలది వల్లెవేయుదురు గాని అర్థ మెఱుగరని ఆయన ఫిర్యాదు. అర్థమెఱుగని పద్యమునకును, అర్థము తెలియక విన్న సాక్ష్యమునకును భేదమేమి? పదునాలుగేండ్లు ఇతరుల మాటల అర్థమును మోసినవానికే ఆ లోపము అంత స్పష్టముగా కనబడియుండును.

ఇట నొక నిష్ఠూరము. ఆయన తన జీవితమును తానే వ్రాసికొనెను. తెలుగువారి స్వీయచరిత్రలలో తొలినాటిది. కాని అది ఇంగ్లీషున వ్రాయబడెను. ఆయన యింటి స్త్రీలు దానిని చదివియుండరని మా యూహ. కుమారుడు దానిని 1873లో చెన్నపట్టణమున అచ్చువేయించెను. బాస్వెల్ దొర నెల్లూరు మండల చరిత్ర వెలువడినదియు ఆ యేడే. అర్థమును గూర్చి అంత వ్రాసినవాని జీవితము తన భాషలోనికి రావలెనన్న మఱియొక తర్జుమాదారు పుట్టవలసివచ్చినది.

ఆయన పుట్టిన 1784వ సంవత్సరముననే, సముద్రములకు ఆవల, అమెరికాలోని కనెక్టికట్ సీమయందు ఆండ్రూ జడ్సన్ అనునతడు పుట్టెను. సుబ్బారావు పీఠము ప్రక్కన నిలిచినవాడైతే ఇతడు పీఠముమీద కూర్చున్నవాడు. ఇతని కథ మేమిచ్చట చెప్పుట, ద్విభాషి విలువ అందు వెల్లడియగుచున్నందువలననే.

జడ్సన్ మొదట కాంటర్‌బరీ గ్రామమున న్యాయవాది. అతని యింటి ప్రక్కనే ప్రుడెన్స్ క్రాండల్ అను ఉపాధ్యాయిని బాలికల పాఠశాల నడుపుచుండెను. ఆమె ఒక నల్లజాతి బాలికను చేర్చుకొనెను. తెల్లవారు తమ పిల్లలను మాన్పించిరి. ఆమె వెనుదీయక 1833లో నల్లజాతి బాలికలకే ఆ పాఠశాలను తెఱచెను. దానిని మూయింప పూనినవారిలో మొదటివాడు జడ్సన్. పొరుగు రాష్ట్రములనుండి వచ్చు నల్లవారికి ఊరివారి సమ్మతి లేక చదువు చెప్పరాదని ఆ యేడే శాసనము పుట్టినది. ఆమె ఒక రాత్రి చెఱసాలలో గడపినది. విచారణయందు ఆమెకు ప్రతిగా జడ్సన్ వాదించెను. 1834లో అల్లరిమూక కిటికీలు పగులగొట్టగా ఆమె బడి మూసివేసినది. బాలికల చదువునకై రాళ్లదెబ్బలు, వెలివేతలు పడినవారి కథలు వినియున్న మన యిండ్లకు ఈ కథ కొత్త కాదు.

అట్టివానిని 1836లో జాక్సన్ అధ్యక్షుడు ఫెడరల్ జిల్లా న్యాయాధిపతిగా నియమించెను. ఆ దేశమున ఫెడరల్ న్యాయాధిపతి సత్ప్రవర్తన గలంత కాలము పదవియందుండును. అధ్యక్షుడు కినిసినను తొలగింపలేడు. మన కంపెనీ జడ్జీ యన్ననో కంపెనీ కొలువుకాడే. ఈ భేదము నాలుగేండ్లలో పరీక్షకు వచ్చెను.

1839లో అమిస్టాడ్ అను స్పెయిను ఓడలో ఏబదిమూడుగురు ఆఫ్రికావారు బానిసలుగా కొనిపోబడుచు తిరుగబడి ఓడను పట్టుకొనిరి. తుదకు అమెరికా తీరమున చిక్కిరి. వీరు క్యూబాలో ఏనాటినుండియో ఉన్న బానిసలని స్పెయినువారి కాగితములు పలికెను. ఒక్కొక్కరికి స్పెయిను పేరు పెట్టబడియుండెను. వారి మాట తెలిసినవాడొక్కడును లేడు. గిబ్స్ అను పండితుడు వారివలన ఒకటినుండి పదివఱకు అంకెలు నేర్చుకొని, న్యూయార్కు రేవున నావికులయెదుట బిగ్గఱగా లెక్కపెట్టుచు తిరిగెను. జేమ్స్ కోవీ అను ఆఫ్రికా యువకుడు, ఒక ఇంగ్లీషు యోడ నావికుడు, ఆ అంకెలను గుర్తుపట్టెను. అది మెండే భాష. 1840 జనవరిలో కోవీ నోట సింక్వే మున్నగువారి సాక్ష్యము న్యాయస్థానమున వినబడెను. అప్పుడు వారి భాషయే గొప్ప సాక్ష్యమయ్యెను: క్యూబాలో చిరకాలముండినవారు స్పెయిను భాష ఎఱుగకుందురా?

అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ వారిని స్పెయినువారికి అప్పగింపగోరి రేవున ఓడను సిద్ధముగా నుంచెను. జడ్సన్ ఆ కోరికకు లొంగలేదు. వీరు స్వతంత్రులుగా జన్మించి దొంగిలింపబడినవారని, ఆఫ్రికాకు పంపవలెనని తీర్పుచెప్పెను. సర్వోన్నత న్యాయస్థానము 1841లో వారిని పూర్తిగా విడుదల చేసినది. జడ్సన్ హృదయము మాఱెనని మేము నమ్మజాలము. ఓడ నాయకుని కుఱ్ఱవాడు ఆంటోనియోను మాత్రము బానిసయే యని, తిరిగి అప్పగింపవలెనని అదే తీర్పున చెప్పెను. క్రాండల్ బడి బాలికలు చక్కని ఇంగ్లీషు మాటాడుచునే యుండిరి. వారి మాట అతడు వినలేదు. మెండేవారి మాట వినక తప్పని చోట వినెను. కోవీ దొరకనిచో ఆ కాగితములలోని పేర్లే సత్యములై నిలిచెడివేమో.

అదే 1839లో సుబ్బారావు గతించెను. అదే యేడు ఉదయగిరి జాగీరుదారు అబ్బాస్ అలీఖాను కర్నూలు నవాబుతో కుట్రపన్నెనను అభియోగముపై జాగీరు గోల్పోయి చెంగల్పట్టుకు పంపబడెను. మనకు వచ్చిన ఆ కథ ఎక్కువగా కంపెనీవారి కలమునుండి వచ్చినది. ఆ కోటక్రింది జనులు ఆ మార్పునుగూర్చి ఏమనుకొనిరో తర్జుమా చేసినవాడు లేడు.

ఇప్పుడు దొరలు లేరు. క్రింది కోర్టులలో పీఠముమీదివారును తెలుగువారే; వాదప్రతివాదములు మన చెవులకు తెలిసినవే. అయినను హైకోర్టున వ్యవహారము ఇంగ్లీషుననే. తన పొలము గట్టునుగూర్చి పైకోర్టు వ్రాసిన తీర్పును ఉదయగిరి కాపు నేటికిని వకీలునో, చదువుకొన్న మనుమనినో అడిగి తెలిసికొనవలసినదే. సాక్షి వాఙ్మూలము వేఱుభాషలో వ్రాసికొన్నచో దానిని వాని భాషలో వివరించి వినిపింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ వివరించుట ఎన్ని నిమిషములు పట్టినదో, వేలిముద్ర వేయుటకుముందు సాక్షి ఏమైన మాఱుచెప్పెనో, మా పాఠకులలో కోర్టు గడప త్రొక్కినవారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.