భారమా, సంఖ్యా? ఆవర్తన పట్టికలో వరుస నిర్ణయమైన తీరు

ఈ వ్యాసం చదివే ముందు ఆవర్తన పట్టికను ఎదురుగా పెట్టుకోండి. ప్రతి గడిలోనూ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి పరమాణు సంఖ్య, రెండోది పరమాణు భారం. ఎడమ నుంచి కుడికి పోతుంటే సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతుంది. దానితో పాటు భారమూ పెరుగుతూ వస్తుంది. 18, 19 స్థానాల దగ్గర మాత్రం ఒకసారి ఆగి చూడండి. ఆర్గాన్ భారం 39.95, దాని తరవాతి పొటాషియం భారం 39.10. అలాగే 27వ స్థానంలోని కోబాల్ట్ 58.93, 28వ స్థానంలోని నికెల్ 58.69. 52వదైన టెల్లూరియం 127.60, 53వదైన అయొడిన్ 126.90. ఈ మూడు చోట్లా భారం పెరగడానికి బదులు తగ్గింది. నేను పాఠం చెప్పిన తరగతుల్లో చాలామంది వీటిని 'మినహాయింపులు' అని రాసి ఊరుకునేవారు. పరీక్షలో మార్కులకు అది సరిపోతుంది. కానీ పట్టిక అసలు దేని ఆధారంగా నిలబడింది అన్న ప్రశ్న దాదాపు 45 ఏళ్లు ఈ జంటల దగ్గరే చిక్కుకుని ఉంది కాబట్టి, వీటిని కొంత నిదానంగా చూడాలి.

మొదట భారం సంగతి. 19వ శతాబ్దం మధ్య వరకు పరమాణు భారాల విషయంలో రసాయన శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. ఆక్సిజన్ భారం 8 అని కొందరు, 16 అని కొందరు లెక్క వేసేవారు. నీటికే ఒక ఖాయమైన ఫార్ములా లేని పరిస్థితి. 1829లో డాబరీనర్ క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ వంటి త్రికాలను గుర్తించి, మధ్య మూలకం భారం మిగిలిన రెంటి సగటుకు దగ్గరగా ఉంటుందని చూపాడు. అయితే భారాలే స్థిరపడనప్పుడు ఆ దారిలో ఎంతో దూరం వెళ్లడం కుదరదు. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ గందరగోళానికి దారి చూపింది. ఇటలీకి చెందిన కానిజారో, అవొగాడ్రో పరికల్పన ఆధారంగా భారాలను ఎలా సరిదిద్దవచ్చో అక్కడ వివరించాడు. సమావేశం ముగిశాక ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని ప్రతినిధులకు పంచిపెట్టారు. ఆ ప్రతినిధుల్లో 30 ఏళ్ల లోథార్ మేయర్, 26 ఏళ్ల దిమిత్రి మెండలీవ్ ఉన్నారు. తరవాతి పదేళ్లలో వేరువేరు దేశాల్లో నాలుగైదు పట్టికలు పుట్టుకురావడం కాకతాళీయం కాదు. నమ్మదగిన అంకెలు అప్పుడే చేతికి వచ్చాయి.

లండన్‌లో న్యూలాండ్స్ ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదానిని పోలి ఉంటుందని అష్టక నియమం ప్రతిపాదించాడు. 1866లో కెమికల్ సొసైటీ సభలో ఆ పత్రం చదివినప్పుడు, మూలకాలను అక్షర క్రమంలో పేర్చి చూశారా అని ఒక సభ్యుడు ఎగతాళిగా అడిగాడు. సొసైటీ ఆ పత్రాన్ని అచ్చు వేయలేదు. 1887లో రాయల్ సొసైటీ ఆయనకు డేవీ పతకం ఇచ్చింది. అయినా న్యూలాండ్స్ పట్టికలో ఒక నిజమైన లోపం ఉంది. ఇంకా కనుగొనని మూలకాల కోసం ఆయన తగినన్ని ఖాళీలు వదలలేదు. దాంతో పొందిక లేని మూలకాలు ఒకే వరుసలో ఇరుక్కుపోయాయి.

మెండలీవ్ ప్రత్యేకత ఇక్కడే కనిపిస్తుంది. పట్టిక ఆయనకు కలలో కనిపించిందనే కథ మీరు విని ఉంటారు. దానికంటే దొరికిన కాగితాలు ఆసక్తికరంగా ఉన్నాయి. పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1869 ఫిబ్రవరి 17న ఆయన జున్ను తయారీ కేంద్రాల తనిఖీకి వెళ్లవలసి ఉంది. ఆ పనికి సంబంధించిన ఉత్తరం వెనుకనే మూలక కుటుంబాల భారాలను పోలుస్తూ అంకెలు వేసుకున్నాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. వాటిని భారం ప్రకారం పేర్చాడు. అయితే భారం చెప్పిన మాటను గుడ్డిగా నమ్మలేదు. ధర్మాలు, సంయోజకత ఒకవైపు, భారం మరొకవైపు లాగినప్పుడు ధర్మాల పక్షమే వహించాడు.

బెరీలియం ఉదాహరణ తీసుకోండి. దాని తుల్యాంక భారం సుమారు 4.6 అని అప్పటి ప్రయోగాలు చెప్పాయి. సంయోజకత 3 అనుకుంటే పరమాణు భారం 14 దాకా వస్తుంది. ఆ చోట నైట్రోజన్ ఉంది. బెరీలియం ఆక్సైడ్‌ను మెగ్నీషియం ఆక్సైడ్‌తో పోల్చి, సంయోజకత 2 అని మెండలీవ్ నిశ్చయించాడు. భారం 9 అయింది. లిథియం 7, బోరాన్ 11ల మధ్య అది చక్కగా అమరింది. యురేనియం భారాన్ని 120 నుంచి 240కి మార్చినదీ ఇలాంటి తర్కంతోనే.

ఖాళీల విషయంలో ఆయన ధైర్యం అందరికీ తెలిసినదే. 1871లో ఏక-బోరాన్, ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని మూడు మూలకాలకు ముందుగానే పేర్లు పెట్టి, వాటి ధర్మాలను రాశాడు. సంస్కృతంలోని 'ఏక' శబ్దమే అది, మనకు వేరే వివరణ అక్కర్లేదు. 1875లో ఫ్రాన్స్‌లో గాలియం దొరికింది. దాని సాంద్రత 4.7 అని కనుగొన్న బ్వాబోద్రాన్ ప్రకటిస్తే, 5.9 ఉండాలి, నమూనాను శుద్ధి చేసి మళ్లీ చూడండి అని మెండలీవ్ సూచించాడు. చూస్తే 5.9 వచ్చింది. 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం మిగిలిన రెండు గడులను నింపాయి.

ఇంత విజయం సాధించిన పద్ధతి టెల్లూరియం దగ్గర ఆగిపోయింది. అయొడిన్ హాలోజన్ల కింద ఉండాలి, టెల్లూరియం సెలీనియం కింద ఉండాలి. ధర్మాలను బట్టి ఇందులో సందేహానికి తావు లేదు. కానీ భారాలు అడ్డం తిరిగాయి. మెండలీవ్ 1869లో టెల్లూరియం 128 పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. 1871లో 125 అని వేశాడు. బెరీలియంలాగే ఇక్కడా కొలత తప్పై ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన అనుయాయి, ప్రాగ్ శాస్త్రవేత్త బ్రౌనర్ ఏళ్ల తరబడి టెల్లూరియాన్ని శుద్ధి చేసి తూచాడు. భారం 127కు పైనే వచ్చింది. కొలతలో తప్పు లేదు. మెండలీవ్ ఇక్కడ స్థానాన్ని సరిగ్గా ఇచ్చి, కారణాన్ని తప్పుగా ఊహించాడు అన్నది నా అభిప్రాయం.

1894లో రాలీ, రామ్సేలు గాలిలో ఆర్గాన్ కనుగొన్నప్పుడు చిక్కు పెరిగింది. భారం సుమారు 40. ఆ చోటుకు దగ్గరలో ఖాళీ గడి లేదు. అది మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసిన అణువేమో అని మెండలీవే శంకించాడు. 1895లో రామ్సే భూమి మీద హీలియంను గుర్తించాడు. ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి ఉంది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని జాన్సెన్ గుంటూరులో పరిశీలించి, సూర్యుని అంచున కనిపించే జ్వాలలు వేడి వాయువులని నిర్ధారించాడు. హీలియం గుంటూరులోనే పుట్టిందన్నట్లు కొందరు రాస్తారు. అందులో కొంత అతిశయం ఉంది. ఆ పసుపు గీత సోడియంది కాదని తేల్చినది అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్. 1898లో నియాన్, క్రిప్టాన్, జీనాన్ కూడా వచ్చాక ఒక కొత్త గ్రూపే ఏర్పడింది. చివరకు మెండలీవ్ కూడా దానిని 'సున్న గ్రూపు'గా అంగీకరించాడు. పట్టిక చెడలేదు, వెడల్పయింది. ఆర్గాన్, పొటాషియంల తారుమారు మాత్రం అలాగే మిగిలింది.

1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. పట్టికలో మూలకం వరుస సంఖ్యే కేంద్రకంలోని ధనావేశం కావచ్చని వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి న్యాయవాది సూచించాడు. దానిని ప్రయోగంతో రుజువు చేసినవాడు హెన్రీ మోస్లే. శూన్యం చేసిన గొట్టంలో చిన్న పట్టాల మీద ఒక బండి, దాని మీద వరుసగా లోహపు ముక్కలు. పట్టు దారంతో బండిని లాగి ఒక్కో లోహాన్ని ఎలక్ట్రాన్ల తాకిడికి ఎదురుగా నిలిపేవాడు. ప్రతి లోహం తనదైన ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. స్ఫటికంతో వాటిని విడదీసి ఫొటో ప్లేటు మీద నమోదు చేశాడు. ఇనుము నుంచి రాగి వరకు భారాల తేడాలు చూడండి. కోబాల్ట్‌కు 3.1 పెరిగింది, నికెల్‌కు 0.2 తగ్గింది, రాగికి మళ్లీ 4.9 పెరిగింది. మోస్లే కొలిచిన పౌనఃపున్యాల వర్గమూలాలు మాత్రం మెట్టు తరవాత మెట్టుగా దాదాపు సమానంగా పెరిగాయి. గ్రాఫులో సరళరేఖ వచ్చింది. ఆ రేఖ మీద కోబాల్ట్ 27, నికెల్ 28. వరుసను నిర్ణయించేది కేంద్రక ఆవేశమని 1913, 1914 సంవత్సరాల్లో ఆయన ప్రచురించిన రెండు పత్రాలు తేల్చాయి.

ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. భారంతో పేర్చినప్పుడు రెండు మూలకాల మధ్య ఖాళీలు ఎన్ని అన్నది ఊహే. సంఖ్యతో పేర్చితే అది లెక్క. 43, 61, 72, 75 స్థానాలు ఖాళీ అని తేలింది. విరళ మృత్తికలను వేరు చేయడానికి ఏళ్లు వెచ్చించిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఉర్బే తన నమూనాలతో ఆక్స్‌ఫర్డ్ వస్తే, అందులో ఏమేమి ఉన్నాయో మోస్లే కొద్ది రోజుల్లో చెప్పగలిగాడు. తరవాతి ఏడాదే, 1915 ఆగస్టు 10న, 27 ఏళ్ల వయసులో మోస్లే గలిపోలి యుద్ధంలో తుపాకి గుండుకు బలయ్యాడు. ఆయన చూపిన ఖాళీలు 1923లో హాఫ్నియంతో, 1925లో రీనియంతో, 1937లో టెక్నీషియంతో, 1945లో ప్రొమీథియంతో నిండాయి.

కేంద్రకంలో ఎంత ధనావేశం ఉంటే బయట అన్ని ఎలక్ట్రాన్లు. అవి కర్పరాల్లో నిండే తీరును బట్టి పీరియడ్ల పొడవు 2, 8, 8, 18, 18, 32, 32 అవుతుంది. కూడితే 118. ఈ అంశాన్ని మీ పరమాణు నిర్మాణ పాఠంలో వివరంగా చదువుతారు.

మిగిలింది తారుమారైన జంటల సంగతి. ఒకే మూలకానికి వేరువేరు భారాలున్న ఐసోటోపులు ఉంటాయని 1913లో సాడీ చెప్పాక అది విడిపోయింది. పరమాణు భారం అంటే ఐసోటోపుల సగటు. ప్రకృతిలోని టెల్లూరియంలో దాదాపు మూడింట రెండు వంతులు 128, 130 భారాల ఐసోటోపులే. సహజ అయొడిన్ అంతా 127. ఆర్గాన్ సంగతి మరీ విచిత్రం. రాళ్లలోని పొటాషియం-40 రేడియోధార్మికత వల్ల క్షయమైనప్పుడు కొంత భాగం ఆర్గాన్-40గా మారుతుంది. మన గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం అదే. సూర్యునిలో మాత్రం ఆర్గాన్-36దే పైచేయి. అక్కడి ఆర్గాన్ సగటు తీస్తే పొటాషియం కంటే తేలికగానే ఉంటుంది.