ప్రతినాయకబలము – నాయకోత్కర్ష: పోతన భాగవతము లక్ష్యముగా ఒక విచారణ

నాయకుడు సర్వశక్తిమంతుడైనపుడు కావ్యమున పోరాటమునకు రుచి యెక్కడనుండి వచ్చును? గెలుపు ముందుగనే తెలిసిన యుద్ధమును పాఠకుడేల చదువవలెను? మానవుడు నాయకుడైన కథలలో ఈ ప్రశ్న అంతగా బాధింపదు. అతడు గాయపడవచ్చును, ఓడవచ్చును, చావవచ్చును. కాని భాగవతమునందు నాయకుడు సాక్షాత్తు విష్ణువు. అతనికి ఓటమి లేదు. అసాధ్యమను మాటయే లేదు. అట్టి నాయకునితో కథ నడపియు బమ్మెర పోతన శ్రోతలను ఊపిరి బిగబట్టి కూర్చుండునట్లు చేసెను. ఆ నేర్పు ఎందున్నదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పోతన జన్మస్థానమగు బమ్మెర నేటి జనగామ జిల్లాలో పాలకుర్తి మండలమునందున్నది. బసవపురాణకర్తయగు సోమనాథునికి ఇంటిపేరైన పాలకురికియు ఆ పాలకుర్తియే. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పూర్వము ఓరుగల్లు సీమలోనివి. పోతన కృతిగా ప్రసిద్ధమైన వీరభద్రవిజయమునకు నాయకుడైన దేవుడు మహబూబాబాదు జిల్లా కురవిలో నేటికిని పూజలందుకొనుచున్నాడు. నరసింహుని ఉగ్రమూర్తియు, వీరభద్రుని రౌద్రమూర్తియు ఈ సీమవారికి నిత్యపరిచితములు. కావున ఎదురులేని నాయకుని కథను చెప్పు విధమేమియను ప్రశ్న ఈ ప్రాంతపు సాహిత్యమునకు సహజమైన ప్రశ్నయే.

ముందుగా శాస్త్రమును చూతము. దశరూపకకర్తయగు ధనంజయుడు ప్రతినాయకుని లోభిగను, ధీరోద్ధతునిగను, మూర్ఖపుపట్టు గలవానిగను, పాపకర్మునిగను, వ్యసనిగను లక్షణీకరించెను. ఇది దోషముల పట్టిక. ఇందు ఔద్ధత్యమునకు ముందు ధీరశబ్దమున్న సంగతి మాత్రము మరువరాదు. దండి కావ్యాదర్శమున ఇంకొక మెట్టు పైకెక్కెను. శత్రువుయొక్క వంశమును, వీర్యమును, విద్యను చక్కగా వర్ణించి, పిదప అట్టివానిని నాయకుడు జయించెనని చెప్పుట తనకు మిక్కిలి ప్రీతికరమని అతని మతము. భామహుడు దీనికి భిన్నముగా పలికెను. వంశవీర్యాదులతో ఒకనిని ముందు నాయకునిగా నిలిపి, మరియొకని గొప్పదనము చాటుటకై వానినే చంపింపరాదని ఆయన నిషేధము. ఈ యిరువురిలో ఎవరు పూర్వులను వివాదమెట్లున్నను, వారి మాటలు ఒకే సమస్యకు రెండు ముఖములు. శత్రువు అల్పుడైనచో గెలుపు అల్పమగును. శత్రువు అధికుడైనచో పాఠకుని మనస్సు వానివైపు మొగ్గును. మమ్మటుడు రసదోషములను చెప్పుచు, అప్రధానమైన అంగమును అతిగా విస్తరించుటకు హయగ్రీవవధయందలి హయగ్రీవవర్ణనమునే ఉదాహరించెను. శత్రువును పెంచుటకును ఒక హద్దు గలదని దీనిచేత తేలుచున్నది.

ఇక లక్ష్యమును పరిశీలింతము. సప్తమస్కంధమున హిరణ్యకశిపుడు కేవలము క్రూరుడై ప్రవేశింపడు. తమ్ముడగు హిరణ్యాక్షుడు వరాహమూర్తిచే హతుడైనాడని విని దుఃఖించును. తల్లియగు దితిని ఓదార్చును. ఆ ఓదార్పులో ఉశీనరదేశపు రాజగు సుయజ్ఞుని కథ చెప్పి, దేహము అనిత్యమనియు, చచ్చినవానికై ఏడ్చుట అవివేకమనియు బోధించును. వేదాంతియైన గురువు చెప్పదగిన మాటలవి. పిమ్మట మందరగిరిపై లోకములు తపించునంతటి తపస్సు చేయును. దండి కోరిన వంశము, వీర్యము, శ్రుతము మూడును ఇచట సమగ్రముగా కలవు. తెలివి గలిగియు ఆ తెలివిని తనకు అన్వయించుకొనలేకపోవుటయే వాని పతనహేతువు. తల్లికి చెప్పిన తత్త్వమును తాను పాటించినవాడైనచో పగయే పుట్టకుండెడిది. చదువరి వానిని చూచి భయపడుటయే కాక జాలిపడుటయు అందువలననే.

ఆ తపస్సునకు ఫలము వరము. లోపలగాని వెలుపలగాని, పగలుగాని రాత్రిగాని, నేలపైగాని నింగిలోగాని, మనుష్యునిచేగాని మృగముచేగాని, ప్రాణముగలదానిచేగాని ప్రాణములేనిదానిచేగాని చావు కలుగరాదు. కథాసంవిధానమున ఈ వరమునకు గల పనిని మనవారు తగినంతగా గమనించినట్లు తోపదు. వరము శత్రువునకు బలమైనంతమాత్రమున చాలదు. అది నాయకునికి కట్టుబాటు కూడ కావలెను. విష్ణువు తలచినచో బ్రహ్మవాక్యమును తృణీకరింపవచ్చును. కాని అట్లు చేయడు. అందుచేత సర్వశక్తుడును ఉపాయము వెదకవలసినవాడగుచున్నాడు. సంధ్యాసమయము, గడప, తొడ, గోరు, నరుడును సింహమునుగాని రూపము, ఇవి యన్నియు ఆ కట్టుబాటును మీరక దాటిన దారులు. ప్రశ్న ఇక ‘గెలుచునా?’ అనుట కాదు, ‘ఎట్లు గెలుచును?’ అనుట. శ్రోత కుతూహలమంతయు ఆ ‘ఎట్లు’ అను మాటయందే నిలిచియున్నది.

చతుర్థస్కంధమునందలి దక్షయజ్ఞకథయు ఇట్టిదే. దక్షునికి బాహుబలము లేదు, వానిది యజ్ఞాధికారబలము. మొదట విరుచుకుపడిన ప్రమథులను భృగువు హోమాగ్నినుండి పుట్టించిన ఋభువులు తరిమివేసిరి. పిదప వచ్చిన వీరభద్రుడు సైతము శస్త్రములతో దక్షుని చర్మమును భేదింపలేక క్షణకాలము ఆలోచింపవలసి వచ్చినదని మూలకథ చెప్పుచున్నది. యజ్ఞపశువును వధించు విధానమును చూచి ఆ విధముననే అతని శిరస్సును వేరుచేసెను. యజ్ఞబలముచే రక్షితుడైనవాడు యజ్ఞవిధిచేతనే కూలెను. ఆ ఒక్క క్షణపు ఆలోచనయే ఈ కథకు ప్రాణము.

పోతన వశమున మూడవ ఉపాయమొకటి గలదు. అది సర్వశక్తుని మరుగుపరచి బలహీనుని ముందు నిలుపుట. ప్రహ్లాదచరిత్రమున చాలభాగము వరకు విష్ణువు కనబడడు. విషము, పాములు, ఏనుగులు, అగ్ని, సముద్రము, ఇవి యన్నియు ఎదుర్కొనువాడు నిరాయుధుడైన బాలుడు. గజేంద్రమోక్షణమునందును అంతే, నీటిలో మొసలికి స్థానబలము గలదు, ఏనుగునకు దినదినము బలము తరుగును. దశమస్కంధమున నరకాసురవధ దీనికి మిక్కిలి స్పష్టమైన నిదర్శనము. సంస్కృతమూలమున సత్యభామ కృష్ణుని వెంట గరుడునిపై ఉన్నదే కాని యుద్ధము కృష్ణునిదే. తెలుగున ఆమెయే విల్లందుకొని పోరాడును. ఒకేచోట వీరశృంగారములు కలసి ప్రకాశించును. కృష్ణుడు మొదటనే చక్రమును విడిచినచో కథ రెండు పద్యములలో ముగియును. సత్యభామను నిలిపినందున నరకునికి తగిన జోడు ఏర్పడినది.

వామనచరిత్రమున బలి మరియొక విధపు ప్రతినాయకుడు. వామనుడే వాని వంశమును పొగడును. గురువగు శుక్రుడు కీడు రానున్నదని హెచ్చరించును. అయినను ఇచ్చినమాట తప్పుటకంటె సర్వస్వము పోవుటయే మేలని బలి నిలుచును. ఇక్కడ లోకములు గెలిచినవాడు విష్ణువు, మనస్సులు గెలిచినవాడు బలి. భామహుని ఆక్షేపము సరిగా ఇట్టిచోటనే తగులవలెను, కాని తగులదు. ఏలయన, కథ వధతో ముగియలేదు. బలికి సుతలమును, రాబోవు మన్వంతరమున ఇంద్రత్వమును దక్కెను. గెలిచినవాడు ఓడినవాని వాకిట కాపున్నాడు. శత్రువు గొప్పదనమును గౌరవించుటయే నాయకుని గొప్పదనమైనది.

ఈ సమస్య మన పురాణములకే పరిమితము కాదు. నేడు మన విద్యార్థులు ఆసక్తితో చూచు జపాను యానిమే చిత్రకథలలో, మాయాక్రీడాలోకమున చిక్కిన వీరుల కథలొక శాఖ. రేకి కవహర రచించిన ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ 2009లో గ్రంథముగా వెలువడి, 2012లో యానిమేగా ప్రసారమైనది. పదివేలమంది ఆటగాండ్రు నూరంతస్తుల కోటలో బందీలగుదురు. ఆటలో చచ్చినవాడు నిజముగనే చచ్చును. కిరితో అను నాయకుడు తక్కినవారికంటె ఎంతో బలవంతుడు. అతనికి సరిజోడు కయబ అకిహికో. ఆ లోకమును సృష్టించి నియమములు వ్రాసినవాడే మారుపేరుతో సాటివీరుడై తిరుగుచుండును. నాయకుని రెండుకత్తుల విద్యను కల్పించినవాడును అతడే కనుక ప్రతి వేటును ముందే ఎరుగును. డెబ్బదియైదవ అంతస్తున జరిగిన ద్వంద్వయుద్ధమున అతడు తన అమరత్వమును తానే తొలగించుకొని నిలుచును. అతని తరువాతి కథలోని సుగో అనువానికి అధికారమున్నది గాని గుణము లేదు. అధికారము చేజారగనే వానియందు మిగిలినది ఏమియు లేదు. దండి చెప్పిన శ్రుతవీర్యముల అవసరమును ఈ రెండు పాత్రల తారతమ్యమే చాటుచున్నది.

అయినను హద్దును మరువరాదు. మమ్మటుడు చెప్పిన దోషము పోతనకు తగులకుండుటకు కారణము జయవిజయుల వృత్తాంతము. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వైకుంఠద్వారపాలకులే; మూడు జన్మముల వైరము వారికి స్వామిని చేరు మార్గము. కావున ప్రతినాయకుని నెంత పెంచినను ఆ పెంపు తుదకు నాయకునియందే చేరును. అంగము అంగిని మ్రింగుట ఇచట పొసగదు.

ఈ విచారణ కేవలము లాక్షణికచర్చ కాదు. బోధనతోడను దీనికి సంబంధము గలదు. తరగతిలో ప్రహ్లాదుని పాఠము చెప్పునపుడు హిరణ్యకశిపుని కేకలువేయు మూర్ఖునిగ చూపుట సులభము. కాని మూర్ఖునికి ఎదురునిలుచుటలో బాలుని ధైర్యమేమున్నది? దితిని ఓదార్చిన ఆ పండితుని, లోకములు గడగడలాడించిన ఆ తపస్విని ముందు చూపినగాని, అట్టి తండ్రి యెదుట ‘కాదు’ అని నిలిచిన పిల్లవాని స్థైర్యము విద్యార్థికి బోధపడదు. చిందు యక్షగానకళాకారులు ఈ రహస్యమును ఎరిగినవారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించినది. ఆ సంప్రదాయమున కిరీటము, భుజకీర్తులు, అడుగుల ఉద్ధతి రాక్షసపాత్రకును ఏమాత్రము తక్కువ కావు. శత్రువునకు ఇవ్వవలసిన మర్యాద ఇచ్చిన కథయందే నాయకుని విజయము విజయమగును. బమ్మెర కవి మనకు అప్పగించిన ఈ వివేకమును పాఠశాలలలో కోలుపోకుండుట పండితుల బాధ్యత.