షేర్ల క్రయవిక్రయ సాఫ్ట్‌వేర్‌లో బహుళ కోర్ ప్రాసెసర్ల పనితీరు

ఒకే చిప్పు మీద రెండు గాని, అంతకంటె ఎక్కువ గాని గణన విభాగాలు (కోర్‌లు) ఉన్న ప్రాసెసర్‌ను బహుళ కోర్ ప్రాసెసర్ అంటారు. షేర్ల క్రయవిక్రయాలకు వాడే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని పనులు దీనిపై ఎన్నో రెట్లు వేగంగా జరుగుతాయి. మరికొన్నింటికి అదనపు కోర్‌ల వలన ప్రయోజనం దాదాపు ఉండదు. కావున కోర్‌ల సంఖ్యను మాత్రమే చూసి కంప్యూటర్ వేగాన్ని అంచనా వేయడం సరికాదు.

నేపథ్యం

2001లో ఐబీఎం సంస్థ రెండు కోర్‌లు గల పవర్4 ప్రాసెసర్‌ను విడుదల చేసింది. 2005లో ఇంటెల్ పెంటియమ్ డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 ప్రాసెసర్లతో ఈ పద్ధతి ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరింది. గడియార వేగాన్ని పెంచుతూ పోతే వేడి, విద్యుత్ వినియోగం మితిమీరుతున్నందున తయారీదారులు కోర్‌ల సంఖ్యను పెంచే మార్గం పట్టారు.

అమ్దాల్ సూత్రం

పనిలో విభజించడానికి వీలులేని భాగమే మొత్తం వేగానికి హద్దు అని 1967లో జీన్ అమ్దాల్ వాదించాడు. పదిమంది కలిస్తే వరినాట్లు త్వరగా ముగుస్తాయి గాని, నారు ఎదగడానికి పట్టే రోజులు తగ్గవు. పనిలో 90 శాతం విభజించదగినదైతే 4 కోర్‌లపై వేగం సుమారు 3.1 రెట్లు, 8 కోర్‌లపై 4.7 రెట్లు అవుతుంది; కోర్‌లను ఎంత పెంచినా 10 రెట్లకు మించదు. సగమే విభజించదగినదైతే 2 రెట్లకు మించదు.

ప్రయోజనం ఎక్కువగా ఉండే పనులు

ఒక వ్యూహాన్ని పాత ధరలపై పరీక్షించడాన్ని బ్యాక్‌టెస్టింగ్ అంటారు. ఇందులో ఒక్కొక్క పరీక్ష మిగిలినవాటితో సంబంధం లేనిది కనుక వాటిని కోర్‌లకు పంచడం సులభం. 2005 నాటి మెటాట్రేడర్ 4 పరీక్షా విభాగం ఒకే కోర్‌ను వాడేది. 2010లో వచ్చిన మెటాట్రేడర్ 5 అన్ని కోర్‌లనూ వాడుకోగలదు. అయితే వేలకొలది వ్యూహాలను పరీక్షించినపుడు కొన్ని కేవలం యాదృచ్ఛికంగా లాభం చూపుతాయి. వాటిని నమ్మి పెట్టుబడి పెడితే నష్టం రావచ్చు. ఈ లోపాన్ని ప్రాసెసర్ వేగం సరిదిద్దలేదు.

ప్రయోజనం తక్కువగా ఉండే పనులు

భారత జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో మెరుగైన ధరకు, ధర సమానమైతే ముందు వచ్చిన ఆర్డరుకు ప్రాధాన్యం ఇస్తారు. కాబట్టి ఒకే షేరుకు చెందిన ఆర్డర్లను వరుసక్రమంలోనే పరిష్కరించాలి. వేర్వేరు షేర్లను మాత్రం వేర్వేరు కోర్‌లకు అప్పగించవచ్చు. పలు కోర్‌లు ఒకే సమాచారాన్ని మార్చవలసి వస్తే ఒకదాని కోసం మరొకటి వేచి ఉండవలసి వస్తుంది. లండన్‌లోని ఎల్‌మాక్స్ సంస్థ ఒకే థ్రెడ్‌పై సెకనుకు 60 లక్షల ఆర్డర్లను పరిష్కరించే పద్ధతిని రూపొందించినట్లు 2011లో వెల్లడైంది.

ఇంటినుండి ఆర్డర్లు పంపేవారికి అసలు జాప్యం తరచు నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి ముంబైకి సూటిదారిలో లెక్కించినా 3 మిల్లీసెకన్లు పడుతుంది. కోర్‌లను పెంచి ఈ సమయాన్ని తగ్గించలేము.

వినియోగాన్ని గుర్తించడం

4 కోర్‌ల కంప్యూటర్‌లో ఒక కోర్ పూర్తిగా పనిలో ఉండి మిగిలినవి ఖాళీగా ఉంటే మొత్తం వినియోగం 25 శాతంగా కనిపిస్తుంది. దీనిని చూసి ప్రాసెసర్‌కు తీరిక ఉందనుకోవడం పొరపాటు. ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ కోర్‌ల కంటె, ఒక్కొక్క కోర్ వేగంగా ఉన్న ప్రాసెసరే మేలు.

ఇవి కూడా చూడండి

* ప్రాసెసర్
* సమాంతర గణనం
* స్టాక్ ఎక్స్ఛేంజి