తాళంచెవి లేని కారు

నవలలు రాసేవాళ్ళకు ఓ సౌకర్యం ఉంది. తెలియని విషయం అడ్డొస్తే, పాత్ర చేత ఓ నిట్టూర్పు విడిపించి దాటిపోవచ్చు. నేను ఆపాటి జాగ్రత్త కూడా పడలేదు. నా నవల ఒకదానిలో 1913 నాటి డ్రైవరు తెల్లవారుజామున తాళంచెవి తిప్పి, నవాబుగారి రోల్స్ రాయిస్‌ని స్టార్టు చేసేశాడు! బి.ఏ.లో నేను చదివిన చరిత్రలో మోటార్లు లేవు మరి.

నా నవలలోని కారుకు మూలం చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరిచ్చారని చెబుతారు. ఆయన 1911లో కన్నుమూశారు. కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికొచ్చింది. మొన్న దాన్ని మళ్ళీ చూసి బయటికొచ్చేసరికి, ఖిల్వత్ రోడ్డులో మా ముసలి అంబాసడర్ మొరాయించింది. లైటు లేదు, హారన్ లేదు. వారం కిందటే ఒకచోట కొత్త బ్యాటరీ అంటగట్టారు కూడాను!

పక్క సందులోంచి ఓ పెద్దవయసు మిస్త్రీ వచ్చాడు. చేతిలో రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు, అంతే. ఒక వైరు బ్యాటరీ ప్లస్సుకీ, రెండోది మైనస్సుకీ ఆనించాడు. వెలిగింది. ఆ రెండో వైరునే తీసి ఇంజను ఇనుముకు ఆనించాడు. వెలగలేదు.

"బ్యాటరీది గల్తీ లేదమ్మా, అర్తింగ్ పోయింది. కొత్తది ఎంత పెట్టి కొన్నారు?"

చెప్పాను. చప్పరించి ఊరుకున్నాడు.

కరెంటు వెళ్ళడానికి వైరుంటే చాలదట, తిరిగొచ్చే దారి కూడా కావాలట. కార్లో ఆ దారి బాడీ ఇనుమే. దాన్నీ బ్యాటరీనీ కలిపే పట్టీ తుప్పుపట్టి తెగి ఉంది. అతను కొత్త పట్టీ బిగిస్తుంటే నా నవల సంగతి కదిపాను.

"ఆ కాలంలో చాబీ ఎక్కడిదమ్మా? హ్యాండిలే!" అని నవ్వాడు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. సెల్ఫ్ స్టార్టరు 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకి వచ్చింది. సిల్వర్ ఘోస్టుకి 1919 దాకా రాలేదు. అయితేనేం, దాన్లో ఇంకో ముచ్చటైన ఏర్పాటుంది. ఆరు సిలిండర్లకు పన్నెండు ప్లగ్గులు. ఒక ఆరింటికి మాగ్నెటో నుంచి నిప్పురవ్వ, తక్కిన ఆరింటికి బ్యాటరీ, ట్రెంబ్లర్ కాయిల్ నుంచి. ఇంజను తడబడితే స్విచ్చి మార్చి చూడ్డమే. ఒకదాని మీద సాఫీగా నడిచి రెండోదాని మీద దగ్గితే, తప్పెక్కడుందో కారే చెప్పేసినట్టు! రెండిటి మీదా దగ్గితే పెట్రోలు వైపు చూడాలి. కాయిల్‌కి కరెంటు అందుతోందో లేదో చెప్పడానికి బల్బు కూడా అక్కర్లేదు, అది తుమ్మెదలా ఝుమ్మంటుంది.

అన్నిటికంటే నన్ను ఊరించిన సంగతి మరొకటి. అప్పుడే ఆపిన వేడి ఇంజనైతే, సిలిండర్లో మిగిలిన పెట్రోలు ఆవిరికి కాయిల్ నిప్పు తగిలి, ఒక్కోసారి హ్యాండిలు తిప్పకుండానే స్టార్టయ్యేదట. నా సీను సాయంత్రమై, కారు అప్పుడే షికారు నుంచి వచ్చి ఉంటే, తాళంచెవిని స్విచ్చిగా మార్చి గట్టెక్కేదాన్ని. నేను రాసిందేమో పుష్యమాసపు తెల్లవారుజాము!

మలిముద్రణలో ఆ డ్రైవరు చేతికి హ్యాండిలు ఇస్తున్నాను. భుజం పట్టేసి నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీండి.