ఓడ్: సంబోధన గీతం

ఒక వ్యక్తినో, దైవాన్నో, వస్తువునో, భావాన్నో ఎదుట నిలుపుకొని, పిలుస్తూ పాడే గంభీరమైన ఆత్మాశ్రయ కవితను ఓడ్ అంటారు. 'పాట' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. తెలుగులో దీన్ని స్తుతిగీతమనీ, సంబోధన గీతమనీ అంటున్నారు. రెండో పేరే దీనికి తగినది. 1802లో ఇంగ్లీషు కవి కోలరిజ్ రాసిన ప్రసిద్ధమైన ఓడ్‌లో పొగడ్త కన్నా దిగులే ఎక్కువ. ఓడ్‌కు ప్రాణం పిలుపులో ఉంది.

గ్రీసులో ఇది మొదట ఊరు ఊరంతా వినే పాట. క్రీ.పూ. ఐదో శతాబ్దపు కవి పిండార్ ఒలింపియా వంటి చోట్ల జరిగే పోటీల్లో గెలిచినవారి కోసం పాటలు కట్టాడు. గుర్రప్పందెంలో సిరక్యూస్ పాలకుడు హైరాన్ క్రీ.పూ. 476లో సాధించిన గెలుపు మీద కట్టినది వాటిలో ఒకటి. ఈ పాటలు చాలావరకు మూడేసి భాగాలుగా నడుస్తాయి. మొదటి రెండింటికీ ఛందస్సు ఒకటే, మూడోది వేరు. బృందం మొదటి భాగానికి ఒక వైపు, రెండోదానికి ఎదురు వైపు తిరుగుతూ ఆడి, మూడోదానికి నిలబడేదని పాత వ్యాఖ్యాతలు రాశారు. రోమన్ కవి హొరేస్ ఆ సందడి తగ్గించి, మిత్రుడి పక్కన కూర్చుని మాట్లాడే గొంతును ఓడ్‌కు ఇచ్చాడు. 1656లో ఇంగ్లీషు కవి కౌలీ పిండార్ పేరు మీదే ఓడ్‌లు రాశాడు గానీ ఆ మూడు భాగాల కట్టుబాటును వదిలేశాడు. 1819లో కీట్స్ ఓ నైటింగేల్ పిట్టనూ, ఓ పాత గ్రీకు కలశాన్నీ పలకరించాడు.

ఓడ్ మనకు ఇంగ్లీషు చదువులతో వచ్చిందనే మాట సగమే నిజం. పాల్కురికి సోమనాథుడు 'బసవోదాహరణం'తో నిలబెట్టిన ఉదాహరణ కావ్యాన్ని చూడండి. కీర్తించే వ్యక్తి పేరును కవి ప్రథమా విభక్తి మొదలు సంబోధన దాకా ఎనిమిది విభక్తుల్లో నడిపిస్తాడు. ఒక్కో విభక్తికి ఒక వృత్తం, ఒక కళిక, ఒక ఉత్కళిక. కళిక రగడ నడకలో సాగుతుంది, ఉత్కళిక అందులో సగం కొలతతో వడివడిగా ముగుస్తుంది. పిండార్‌తో ఏ సంబంధమూ లేకుండానే మన కవులు మూడేసి భాగాల స్తుతిని కట్టుకున్నారు. పైగా ఎవరి గురించో చెబుతూ మొదలై, చివరి విభక్తికి వచ్చేసరికి వారినే పిలవడం ఇందులో వ్యాకరణమే చేసి పెడుతుంది. ఇంత అందమైన ప్రక్రియకు మన పాఠ్యపుస్తకాల్లో మరింత చోటు దక్కాలి. దండకం ఇంకో దారి. దాని పాదానికి ఇంతే నిడివి అన్న హద్దు లేదు, సంబోధన మీద సంబోధనగా పరుగెడుతుంది. ఆంజనేయ దండకం చదివిన వారికి ఆ ఊపు తెలుసు.

మన భావకవులు ఇంగ్లీషు కవులైన షెల్లీ, కీట్స్‌ల గొంతును ఇష్టంగా విన్నారు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం'లో శ్రీశ్రీ కవితనే పిలిచాడు, 'కవితా! ఓ కవితా!' శీర్షికే సంబోధన. అదే సంపుటిలోని 'ప్రతిజ్ఞ'లో శ్రామికులు కావ్యనాయకులయ్యారు. 1954లో చిలీ కవి నెరూడా ఉల్లిపాయకూ, టమాటాకూ, రొట్టెకూ ఓడ్‌లు రాసి ఓ సంపుటి వేశాడు.

ఇలాంటి పిలుపు నేటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలోనూ వినిపిస్తుంది. నెరూడా సంపుటి వచ్చిన మరుసటి ఏడు, 1955 ఫిబ్రవరిలో, అక్కడి ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలువుల కోసం ఎన్నో రాష్ట్రాల వాళ్లతో పాటు తెలుగువాళ్లూ వచ్చి భిలాయిలోనే స్థిరపడ్డారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి వెలిసింది. ఇలాంటి ఊళ్లో తెలుగు కుటుంబానికి తెలుగు తల్లి, ఛత్తీస్‌గఢ్ తల్లి అని ఇద్దరు తల్లులు, ఇద్దరికీ ఓడ్‌లున్నాయి. శంకరంబాడి సుందరాచారి రాయగా టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' పాట తల్లి గురించి చెబుతూ మొదలై, చివరికొచ్చేసరికి 'నీ' అంటూ ఆమెతోనే మాట్లాడుతుంది. ఉదాహరణ కావ్యం ఎనిమిది విభక్తుల్లో నడిచిన దారి ఇదే.

రెండోది నరేంద్రదేవ్ వర్మ ఛత్తీస్‌గఢీలో రాసిన 'అరపా పైరీ కే ధార్'. అది మొదటి నుంచే తల్లితో మాట్లాడుతుంది. జిల్లాల పేర్లు ఆమె నగలూ అవయవాలూ అవుతాయి. 2019లో దాన్ని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతంగా ప్రకటించారు. అందులో రాయగఢ్ తల్లికి కిరీటం. బస్తర్, దుర్గ్ (భిలాయి ఉన్న జిల్లా) ఆమె కాలి అందెలు.