నల్లా పైపులాంటి తుపాకి

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు ట్యాంకులు, బాంబు విమానాలు, హిట్లర్ గుర్తుకొస్తారు. అదే యుద్ధంలో లక్షల మంది చేతుల్లో తిరిగిన ఒక చిన్న తుపాకి ఉంది. దాని పేరు స్టెన్‌గన్. చూడ్డానికి అస్సలు బాగుండదు. నల్లా పైపుకు ఒక కడ్డీ అతికించి, పక్కన ఒక డబ్బా తగిలించినట్టు ఉంటుంది. కానీ ఇప్పుడు యూరప్‌లో, అమెరికాలో దీని అరుదైన రకాలను వెతికి వెతికి సేకరించేవాళ్లున్నారు. ఇంత అనాకారి వస్తువు మీద అంత మోజు ఎందుకు?

1940లో డంకర్క్ దగ్గర బ్రిటిష్ సైన్యం ఆయుధాలు చాలావరకు వదిలేసి సముద్రం దాటి వచ్చేసింది. జర్మన్లు ఏ క్షణాన దిగుతారో తెలియదు. అమెరికా థాంప్సన్ తుపాకులు కొనాలంటే బోలెడు ఖరీదు. అప్పుడు షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరు కలిసి చవక తుపాకి ఒకటి తయారుచేశారు. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ కార్ఖానా పేరు ముక్క కలిపితే స్టెన్ అయింది. ఖర్చు సుమారు 10 డాలర్లే. యుద్ధం అయ్యేలోపు దాదాపు 40 లక్షలు చేశారు. మార్క్ 1లో కాస్త కర్ర ఉండేది, మార్క్ 2లో అదీ తీసేశారు. మార్క్ 3ని చేసింది ఎవరో తెలుసా? లైన్స్ బ్రదర్స్ అనే పిల్లల ఆటబొమ్మల కంపెనీ! 1944లో వచ్చిన మార్క్ 5కి మళ్లీ కర్ర పెట్టారు. సేకరించేవాళ్లు ముందుగా చూసేది ఈ తేడాలనే. ఏ భాగం ఎందుకు పోయిందో, ఎందుకు తిరిగొచ్చిందో చూస్తే ఆ ఏడాది ఇంగ్లండ్ పరిస్థితి తెలిసిపోతుంది.

చవక కాబట్టి చెడ్డ పేరు కూడా వచ్చింది. డబ్బాలో 32 గుండ్లు పడతాయి కానీ ఇరుక్కుపోతాయని సైనికులు రెండు మూడు తక్కువే నింపేవారట. 1942 మే 27న ప్రాగ్ నగరంలో గాబ్చిక్ అనే స్లోవాక్ సైనికుడు నాజీ అధికారి హైడ్రిక్ కారుకు ఎదురుగా నిలబడి స్టెన్ ఎత్తాడు. అది పేలలేదు. తోటి సైనికుడు కుబిష్ బాంబు విసిరితే ఆ గాయాలతో హైడ్రిక్ జూన్ 4న చనిపోయాడు. దానికి పగగా నాజీలు లిడిత్సే అనే ఊరినే లేకుండా చేశారు.

నాకు అన్నిటికంటే నచ్చినది పోలండ్ తుపాకి. దాని పేరు బ్విస్కావిత్సా, అంటే మెరుపు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న వార్సాలో జావ్‌రోట్నీ, వియెలానియెర్ అనే ఇంజనీర్లు దీన్ని రహస్యంగా గీశారు. లోపలి పనితీరు స్టెన్‌ది, పై రూపం జర్మన్ తుపాకిది. భాగాలను వెల్డింగ్ చేయకుండా మరలతో బిగించారు. అందువల్ల ఒక్కో ముక్కను ఒక్కో చిన్న వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. ఒకచోట పట్టుబడినా మొత్తం పోదు. అలా చేసింది సుమారు 700 మాత్రమే. 1944 ఆగస్టు 1న మొదలైన వార్సా తిరుగుబాటు 63 రోజులు సాగి ఓడిపోయింది. తుపాకులూ పోయాయి, పట్టుకున్నవాళ్లలో చాలామంది పోయారు. ఈ రోజు అది అరుదైనది అంటున్నామంటే కారణం అదే. ధర అడిగేవాళ్లు ఈ సంగతి కూడా అడిగితే బాగుండు అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, ఓడిపోయే రోజుల్లో జర్మన్లే ఈ పైపు తుపాకిని కాపీ కొట్టారు. ఒక రకం మీద బ్రిటిష్ ముద్రలతో సహా దింపేశారు. 1945లో చేసిన ఎంపీ 3008 ముసలివాళ్లకు, మన వయసు పిల్లలకు ఇవ్వడానికి.

1945లో యుద్ధం అయిపోయింది గానీ తుపాకులు అయిపోలేదు. బ్రిటిష్ వాళ్లు వెళ్లాక స్టెన్ మన సైన్యం దగ్గరా ఉంది. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా దగ్గర తైన్‌ధార్‌లో నాయక్ జదునాథ్ సింగ్ గాయాలతోనే స్టెన్ పట్టుకుని ఒంటరిగా శత్రువుల మీదికి వెళ్లి ప్రాణమిచ్చాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు.

మన పక్కనే చూద్దాం. బల్లార్‌పూర్ దగ్గర వర్ధా నది దాటితే రాజురా. అది 1948 దాకా నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇటు మన చాందా ఇండియాలో. ఆ ఏడాది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు ఆయుధాలు నింపుకొని బీదర్, వరంగల్‌లకు విమానాలు నడిపాడు. ఆ లాంకాస్ట్రియన్ విమానాలు కూడా యుద్ధకాలపు బాంబర్ నుంచి పుట్టినవే. సెప్టెంబర్ 13న మన సైన్యం లోపలికి వెళ్లింది, 17న నిజాం లొంగిపోయాడు. కాటన్‌కు తర్వాత ఇంగ్లండ్‌లో పడిన జరిమానా 200 పౌండ్లు. ఇంతేనా అనిపిస్తుంది.

అదే నిజాం రాజ్యంలో తెలంగాణ రైతులు మొదట పోరాడింది వడిసెలతో, కర్రలతో, కారం పొడితో. తరువాతే రైఫిళ్లు, స్టెన్‌గన్‌లు వాళ్ల చేతికొచ్చాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఔరంగజేబు, టిప్పు సుల్తాన్‌ల ఆయుధాలు చూడటానికి జనం వరస కడతారు. రాజుల కత్తికి పేరు, తేదీ, అద్దాల పెట్టె అన్నీ ఉంటాయి. రైతు విసిరిన వడిసెల చాలావరకు పొలంలోనే చివికిపోయింది.

మన దేశంలో స్టెన్ లాంటి తుపాకిని సరదాకు ఇంట్లో పెట్టుకోవడానికి కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అది నిషిద్ధ ఆయుధం. 2019 సవరణ తర్వాత శిక్ష 7 నుంచి 14 ఏళ్ల జైలు. నా ఉద్దేశంలో ఇది మంచిదే. సైన్యం దగ్గరో మ్యూజియంలోనో ఉంటే చాలు. కాకపోతే పక్కన పెట్టే చీటీలో మార్క్ 2, 9 ఎంఎం అని రాసి వదిలేయకూడదు. ఎవరు చేశారు, ఎవరి మీద వాడారు, చివరికి ఎవరి దగ్గర దొరికింది, ఇవన్నీ రాయాలి.

రాజురా 1959లో మన చాందా జిల్లాలో కలిసింది. 1948లో పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై ఐదు దాటి ఉంటాయి. మీ ఇంట్లో గానీ, మీ వాడలో గానీ అలాంటి తాతలు, అమ్మమ్మలు ఉంటే ముందు ఈ మూడు అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి: ఆ రోజుల్లో మీ ఊరికి ఎవరెవరు వచ్చారు? వాళ్ల చేతుల్లో ఏముంది? నది ఎక్కడ దాటారు?