చర్మానికీ మనసుకీ చుట్టరికం

కిందటేడు నరసన్నపేటలో మావాళ్ల పెళ్లి. పసుపు కొట్టడానికి రమ్మంటే మా పిన్ని చేతులు పైటకొంగులో దాచుకుంది. మోచేతుల మీద వెండి పొలుసులు. "అంటుకుంటుందేమోనే!" అని ఎవరో గొణిగారు. వారం తిరక్కుండా ఆ మచ్చలు ఎర్రగా రేగాయి.

మాటకి చర్మం రేగడమేమిటని అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుని చదవడం మొదలుపెట్టాను.

ఆ గొణుగుడు నేటిది కాదు. ఒకప్పుడు వైద్యులే సోరియాసిస్‌ని కుష్ఠుతో కలిపేసేవారు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా రెండూ వేరని తేల్చాడు. ఇది అంటురోగం కాదు. ఒంటి రక్షణ వ్యవస్థ దారి తప్పి, నెల పట్టే చర్మకణాల ఎదుగుదల నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. అందుకే ఆ పొలుసులు.

మరి దిగులు సంగతి? 1930లలో ఇటలీలో ఎర్‌స్పామెర్ పేగుల్లో ఒక పదార్థాన్ని కనిపెట్టాడు. 1948లో అమెరికాలో రాపోర్ట్, గ్రీన్, పేజ్ నెత్తుటినుంచి ఒకటి తీసి సెరొటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. అది మెదడులోనూ ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్ చూపింది. మనసు స్థితిగతుల్లో పాలుపంచుకునే ఈ పదార్థం చర్మంలోనూ ఉంటుందండీ! సోరియాసిస్ మచ్చల్లో దాన్ని అందుకునే గ్రాహకాలు మామూలు చర్మంలోలా లేవని స్వీడన్ పరిశోధకులు చూశారు. అదే రోగకారణమని మాత్రం తేలలేదు. మనసుకిచ్చే మాత్రలు దీనికని మనంతట మనం మింగకూడదు.

ఇందులో మన తెలుగువాడి చెయ్యీ ఉంది. సెరొటోనిన్‌కి పేరుపెట్టిన ఆ 1948లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని పిల్లల రక్తకేన్సరుకి వాడారు. 1951లో కీళ్లవాతానికి ఇచ్చి చూస్తే, సోరియాసిస్ మచ్చలు తగ్గడం వైద్యుల కంటబడింది! దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ వాడుతున్నారు, డాక్టరు కనిపెట్టి ఉండగానే సుమా.

ఇదంతా ఇంటిల్లిపాదికీ చెప్పాను. మొన్న మాఘంలో మరో పెళ్లి. పిన్ని మళ్లీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెళ్లికూతురి తల్లి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా వదినా, మొదటి పోటు నీదే."

పిన్ని కొంగు బొడ్లో దోపుకుని రోకలి అందుకుంది.